నైరుతి మూల గొయ్యి

వీరాయమ్మ మంచినీళ్ళు తాగగా చూసినవాళ్ళు ఆ ఇంట్లో తక్కువ. ముక్తేశ్వరానికి దిగువన, ఆ రాజుల లోగిట్లోకి ఆవిడ కాపరానికి వచ్చిన కొత్తలో అత్తగారు నేర్పిన మొదటి విద్య వంట కాదు, దాహం చంపుకోవడం. పొద్దున్నే ఇంత గంజి తాగు, మధ్యాహ్నం మజ్జిగన్నం తిను, మధ్యలో గొంతు ఎండితే నోరు పుక్కిలించి ఉమ్మెయ్యి, మింగకు. ఇంతే పాఠం. ఎందుకని కోడలు అడగలేదు. నాలుగు రోజులు ఆ ఇంట్లో ఉంటే ఎవరికైనా తెలిసిపోతుంది.

ఘోషా ఉన్న ఇల్లు అది. ఆడవాళ్ళు దొడ్డికి వెళ్ళేది రెండే వేళలు, తెల్లవారకముందు ఒకసారి, దీపాలు పెట్టాక ఒకసారి. దక్షిణం వైపు దడికి చిన్న తలుపు ఉండేది. దాని అవతల కొబ్బరితోట, చెట్ల వరసల మధ్య నీళ్ళు పారే బోదెలు, ఆ బోదెల గట్లు. చెంబు పట్టుకుని ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళి, కలిసి రావాలి. ఆ రెండు వేళల మధ్య ఎంత అవసరమైనా ఓర్చుకోవడమే. దింపు తీసే రోజుల్లో మరీ కష్టం. కాయలు కోసేవాడు చెట్టు మీద ఉంటే తోటలో ఏ మూలా చాటు కాదు కనక, వాడు దిగి ఇంటికి పోయేదాకా ఆడవాళ్ళు కాళ్ళు ముడుచుకుని కూర్చోవలసిందే. మగవాళ్ళకి ఆ బాధ లేదు. తోట వాళ్ళది, కాలవగట్టు వాళ్ళది, పగలూ వాళ్ళదే.

పగటిపూట తప్పక వెళ్ళవలసి వచ్చినా అంతటితో అయిపోదు. వచ్చి తలమీంచి నీళ్ళు పోసుకుని, చీర మార్చుకుంటే గాని వంటింటి గడప తొక్కకూడదు. దీన్ని శుచి అనేవారు. ఇంత శుచి ఉన్న ఇంట్లో చేతులకు రాసుకునే మట్టి ఎక్కడిదంటే ఆ బోదె గట్టుదే. మట్టి ఎన్నిసార్లు రాసుకోవాలో శాస్త్రం చెప్పింది గాని, ఎక్కడి మట్టి అని అడగలేదు. అదే మట్టితో తోమిన చెంబు పరమ పవిత్రమై మంచినీళ్ళ బిందెలో మునిగేది. ఏటా వానలు పడగానే ఇంట్లో ఎవరో ఒకరు విరేచనాలతో మంచం పట్టేవారు. "నీరు మారింది" అనేవారు పెద్దలు. నీరు మారలేదు, చెంబూ మారలేదు.

వీరాయమ్మకు పాతికేళ్ళు నిండేసరికే మూత్రం మంట మొదలైంది. ఆపైన నడుముకు ఒక పక్క పోటు, అప్పుడప్పుడు చలిజ్వరం. వేడి చేసిందన్నారు. వేడికి మందు కొబ్బరినీళ్ళు, బార్లీ, సబ్జా గింజలు. అవి తాగితే గంటకోసారి వెళ్ళవలసి వస్తుంది. అందుకని ఆవిడ మందు మానేసి వేడిని ఉంచుకుంది. ఆ ఇంట్లో ఆడవాళ్ళందరికీ ఏదో ఒక వయసులో ఆ నడుంనొప్పి వచ్చేది. వస్తే పెద్దరికం వచ్చినట్టు లెక్క.

కొడుకు సుబ్బరాజు పెళ్ళాం తులసి, రాజోలు వైపు పిల్ల. అక్కడా ఘోషాయే, అక్కడా కొబ్బరితోటే కనక ఆ పిల్లకు వీరాయమ్మ కొత్తగా నేర్పవలసింది ఏమీ లేకపోయింది. కాపరానికి వచ్చిన ఏడాదికే నెల తప్పింది. ఆరో నెలలో వణుకుతూ జ్వరం వచ్చింది, మూడోనాటికి కడుపు పోయింది. దిష్టి అన్నారు కొందరు, గ్రహణం నాడు కదిలిందన్నారు కొందరు. మామగారు బంగారరాజు జపం చేయించారు. వీరాయమ్మ మాత్రం కోడలి నడుం ఎక్కడ పట్టుకుంటోందో చూసింది. తనకు పోటు వచ్చే చోటే అది.

పంతొమ్మిది వందల యాభై రెండు వేసవిలో తులసికి మళ్ళీ నాలుగో నెల. మళ్ళీ మంట మొదలైంది. ఈసారి వీరాయమ్మ భర్త దగ్గరకు వెళ్ళి, పిల్లను అమలాపురం ఆసుపత్రిలో చూపించాలంది. ఆవిడ నోరు తెరిచి ఇది కావాలని అడగడం అరుదు. బంగారరాజు కాదనలేకపోయారు. గూడుబండికి తెరలు కట్టి పంపించారు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసి మందు రాసింది. నర్సు సువర్ణ పక్కన కూర్చుని మాట్లాడింది. అల్లవరం దగ్గర క్రైస్తవుల పిల్ల, చదువుకున్నది, నవ్వు మొహం. రోజుకు ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగుతారని అడిగితే తులసి అత్తగారి వైపు చూసింది.

"తాగదమ్మా," అంది వీరాయమ్మ. "మా ఇళ్ళల్లో పగలు తాగం."

సువర్ణ నవ్వు ఆగిపోయింది. కలం పక్కన పెట్టి మెల్లగా చెప్పింది. "ముందు నీళ్ళండి, మందు ఆ తర్వాత. వచ్చినప్పుడల్లా వెళ్ళాలండి, ఆపకూడదు. ఆపినకొద్దీ లోపల చెడుతుంది, జ్వరమొస్తుంది, బిడ్డ నిలవదు. పెరట్లో ఓ గొయ్యి తవ్వించుకుని చుట్టూ దడి కట్టించండి. నూతికి మట్టుకు బాగా దూరంగా ఉండాలండి. చేతులు సబ్బుతో కడుక్కోండి, గట్టు మీద మట్టితో వద్దు."

బండి ఎక్కేముందు వీరాయమ్మ ఆసుపత్రి పెరట్లో మరుగుదొడ్డి చూసింది. సున్నం కొట్టిన గోడలు, లోపల గడియ, మూలన నీళ్ళ తొట్టి. పట్టపగలు, బయట మనుషులు తిరుగుతుండగా లోపలికి వెళ్ళి గడియ వేసుకుంది. వచ్చాక బండి గూడుకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. తులసి ఏమైందని అడిగితే ఏమీ లేదంది. ఇంత చిన్న సంగతికి తన ఒళ్ళు ఇన్నేళ్ళు చెడగొట్టుకుందా అని ఆవిడకు అలసట వచ్చింది. కోపం రావడానికి కూడా కొంత ఓపిక ఉండాలి.

బంగారరాజుకు పురాణం మీద మక్కువ. సాయంకాలం అరుగు మీద నలుగురిని కూర్చోబెట్టి చదివి అర్థం చెప్పేవారు. ఇంటి ఆవరణలో పాయిఖానా ఉంటే లక్ష్మి నిలుస్తుందా అని ఆయన ప్రశ్న.

"లక్ష్మి సంగతి నాకు తెలీదండి," అంది వీరాయమ్మ. "కిందటిసారి బిడ్డ నిలవలేదు."

వంశం మాట వచ్చేసరికి ఆయన కొంచెం తగ్గారు. అయితే శాస్త్రప్రకారం జరగాలన్నారు. సిద్ధాంతిగారు వచ్చి, దిక్కులు చూసి, వాయవ్యం తప్ప మరో చోటు పనికిరాదన్నారు.

ఇక్కడ ఆ స్థలం సంగతి చెప్పాలి. బంగారరాజు, తమ్ముడు వెంకటరాజు వాటాలు పంచుకున్నప్పుడు లోగిలిని మధ్యకు కోసి గోడ పెట్టారు. తూర్పు సగం అన్నది, వీధివైపు వాకిలి. పడమటి సగం తమ్ముడిది, కాలవగట్టు వైపు వాకిలి. రెండు పెరళ్ళూ ఆ గోడకు అటూ ఇటూ. పంపకాల్లో మాటలు పడి అన్నదమ్ములకు రాకపోకలు పోయాయి. నుయ్యి ఈశాన్యంలో ఉండాలి కనక బంగారరాజు నుయ్యి తన ఈశాన్యంలో, వీధి పక్కన ఉంది. వెంకటరాజు కూడా శాస్త్రం తెలిసినవాడే. ఆయన నుయ్యి ఆయన ఈశాన్యంలో ఉంది, అంటే సరిగ్గా గోడ పక్కన, అన్నగారి వాయవ్యానికి ఆనుకుని. రెండు ఇళ్ళూ శాస్త్రాన్ని ఎక్కడా తప్పలేదు. గోతికీ నూతికీ మధ్య ఒక్క ఇటుకల గోడ మిగిలింది.

నూతికి దూరంగా ఉండాలన్న నర్సు మాట అందరికీ గుర్తుంది. సుబ్బరాజు తమ నూతి దగ్గర నుంచి వాయవ్యం దాకా నడిచి, ఇంతకన్నా దూరం పెరట్లో లేదన్నాడు. నిజమే. గోడ అవతల ఉన్నది కూడా నుయ్యే అని ఎవరికీ తట్టలేదు. వాటాలు పంచుకున్నాక అవతలి నుయ్యి అవతలివాళ్ళ వ్యవహారం.

తోటపనికి వచ్చే పేట మనిషి సాలమోను గొయ్యి తవ్వాడు. నడుములోతు వెళ్ళకుండానే నీరు ఊరింది. కోనసీమ నేల అంతే, ఎక్కడ గిల్లినా నీరే. తాటిపట్టెలు పరిచి, కొబ్బరాకు దడి కట్టి, గోనెపట్టా వేలాడదీశాడు. వీరాయమ్మ దాని పక్కన నీళ్ళ కాగు, సబ్బు పెట్టించింది. రోజూ పొద్దుటి నుంచి కోడలి వెంటపడి చెంబెడేసి నీళ్ళు తాగించింది. మొదట్లో తులసి మందు మింగినట్టు మింగేది. కొన్నాళ్ళకు తనే అడిగి తాగింది. మంట తగ్గింది. మొహం నిండింది. అయిదో నెల దాటింది, ఆరో నెలా దాటింది. వీరాయమ్మ ఆ నెల దాటిన రోజున దేవుడికి దండం పెట్టి, ఆ తర్వాత గోనెపట్టా కొత్తది మార్పించింది.

శ్రావణంలో వానలు దంచాయి. కాలవ గట్టుదాకా నిండింది. గోతిలో నీరు పట్టెల దగ్గరకు వచ్చింది. గోడ అవతల వెంకటరాజు ఇద్దరు ఆడపిల్లలకూ జ్వరం తగిలి వారం దాటినా దిగలేదు. ముక్తేశ్వరం నుంచి డాక్టరు వచ్చి టైఫాయిడ్ అన్నాడట. మగవాళ్ళకు మాటల్లేవు గాని తోడికోడళ్ళు గోడ మీదుగా మాట్లాడుకునేవారు. ఒకనాడు వెంకటరాజు భార్య నరసాయమ్మ పిల్లల సంగతి చెబుతూ, "నీళ్ళు కూడా తేడాగా ఉన్నాయి అక్కయ్యగారూ, ఏదో వాసన. కొత్త నీరు దిగిందేమో," అని చేద వేసింది. గిలక కిర్రుమంది.

వీరాయమ్మ అప్పుడే దడిలోంచి వస్తోంది. ఆ గిలక చప్పుడు రోజూ లోపల కూర్చున్నప్పుడు వినిపించేదే. ఎంత దగ్గరగా వినిపించేదో ఇప్పుడు లెక్కకు వచ్చింది. గోడ వైపు చూసింది, గోతి వైపు చూసింది. లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రోజంతా చెప్పలేదు. చెబితే గొయ్యి పూడుస్తారు. తులసికి ఏడో నెల. మళ్ళీ దాహం, మళ్ళీ మంట, మళ్ళీ ఆ వణుకు. చెప్పకపోతే అవతల పిల్లలు ఆ నీళ్ళే తాగుతారు. రెండిట్లో ఏ పక్కకు తూగినా ఎవరో ఒకరి బిడ్డే. మర్నాడు పొద్దున్నే గోడ దగ్గర నిలబడి నరసాయమ్మను పిలిచింది.

"పిల్లలకి ఆ నీళ్ళు పొయ్యకు. మా గొయ్యి మీ నూతిని ఆనుకుని ఉంది."

నరసాయమ్మ గోడ వంక చూసింది. "ఇన్నాళ్ళూ తెలీలేదా అక్కయ్యగారూ?"

"నిన్న తెలిసింది. నిన్నే చెప్పవలసింది."

నరసాయమ్మ తోడిన నీళ్ళు నేల మీద పారబోసి వెళ్ళింది. అరగంటలో వెంకటరాజు, పంపకాలయ్యాక మొదటిసారి, అన్నగారి వీధి వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. గుమ్మం ఎక్కలేదు. నా పిల్లల్ని చంపడానికి గొయ్యి తవ్వించేరా అని అడిగాడు. సాయంత్రానికి పూడ్చకపోతే పెద్దల్ని తీసుకొస్తానన్నాడు. పెద్దలు రావలసిన పని లేకపోయింది. బంగారరాజు మధ్యాహ్నానికే పూడ్పించారు. ఆయనకు మనసులో ఉన్నది కూడా అదే. శాస్త్రంలో తప్పు లేదని, ఆడవాళ్ళ మాట విన్నందుకు ఇలా అయిందని అరుగు మీద తేల్చేశారు.

తులసికి ఎవరూ ఏమీ చెప్పలేదు. మర్నాడు వీరాయమ్మ పెట్టిన నీళ్ళ చెంబు సాయంత్రం దాకా నిండుగానే ఉంది. ఆ మర్నాడూ అంతే. మూడో రోజు కోడలు ఎండలో కూర్చుని కూడా చలేస్తోందంది.

వీరాయమ్మ పెరట్లో నిలబడి నాలుగు మూలలూ చూసింది. ఈశాన్యంలో తమ నుయ్యి. వాయవ్యంలో వాళ్ళ నుయ్యి. ఆగ్నేయంలో వంటిల్లు, దాని పక్కన వీధి. మిగిలింది నైరుతి. తోటకు ఆనుకుని, రెండు నూతులకూ అందనంత దూరంలో, చాటుగా, చక్కగా ఉంది. దాన్ని ఎవరూ తలపెట్టకపోవడానికి కారణం ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నైరుతిలో గొయ్యి తవ్వితే ఇంటి యజమాని బతకడు.

బంగారరాజు భోజనం చేసి అరుగు మీద విసనకర్ర పట్టుకుని కూర్చున్నారు. వీరాయమ్మ తలుపు చాటున నిలబడి, నైరుతిలో తవ్వించమంది.

ఆయన విసనకర్ర ఆపారు. "నేను పోవాలనా?"

"మీరు పోతే నా బొట్టు పోతుంది. గాజులు పగలగొట్టి ఓ మూల కూచోబెడతారు. అది తెలీక అడుగుతున్నానంటారా?" ఆవిడ గొంతు పెంచలేదు. "శాస్త్రం చెప్పినచోట తవ్వేం. పక్కింటి పిల్లలు మంచం పట్టేరు. శాస్త్రం వద్దన్నచోటు అదొక్కటే మిగిలింది."

"పిల్లని పుట్టింటికి పంపేద్దాం. ఎలాగూ ఏడో నెల."

"అక్కడ మాత్రం ఏవుందండి? అదే తోట, అదే గట్టు."

బంగారరాజు మళ్ళీ విసురుకోవడం మొదలుపెట్టారు. ఊఁ అనలేదు, ఉహుఁ అనలేదు. మర్నాడు పొద్దున్నే కండువా వేసుకుని, గోదావరి దాటి కోటిపల్లి వెళ్ళి నాలుగు రోజులు స్వామి సన్నిధిలో ఉండి వస్తానని బయల్దేరారు. వెళ్ళేముందు సిద్ధాంతిగారితో మాట్లాడారని తర్వాత తెలిసింది. తవ్వే వేళకు యజమాని ఏరు దాటి ఉంటే దోషం సగానికి సగం పడిపోతుందని సిద్ధాంతిగారు చెప్పారట. అంత కఠినమైన శాస్త్రానికి రేవు పడవ ఎక్కితే చాలన్నమాట.

సాలమోను పలుగు తెచ్చుకున్నాడు గాని, చోటు చూపించగానే వెనకాడాడు.

"వద్దండి అమ్మగారూ. అయ్యగారికేవైనా అయితే మా పేటంతా నా మీద పడతారండి."

"మీకు ఇవన్నీ లేవుగా సాలమోనూ. మీ దేవుడు వేరు కదా."

"దేవుడు మారేడు గానండి, మూలలు మారలేదండి."

వీరాయమ్మకు ఆ మాటకు నవ్వు వచ్చింది, మరో రోజైతే నవ్వేది. వెనక వసారా మెట్లు దిగింది. పట్టపగలు, పరాయి మగవాడి ఎదట, తలమీద కొంగు మాత్రం సర్దుకుని పెరట్లోకి నడిచి వచ్చి పలుగు అడిగింది. సాలమోను చూపు దించేసుకుని అందించాడు. ఆవిడ ఎత్తి ఒక్క పోటు పొడిచింది. వాననీటికి నానిన నల్లమన్ను, పలుగు జానెడు దిగింది. అంతకే నడుం పట్టేసింది. పలుగు పట్టుకునే అక్కడ కూర్చుండిపోయింది.

"మొదటి దెబ్బ నాది," అంది ఊపిరి తీసుకుంటూ. "ఎవరడిగినా నా పేరు చెప్పు. మిగతాది తవ్వు."

"ఆయ్," అన్నాడు సాలమోను.

ఆవిడకు ఆ మూల మీద నమ్మకం లేదనుకుంటే పొరపాటు. బంగారరాజు కోటిపల్లి నుంచి తిరిగి వచ్చాక ఆయన దగ్గినా, తుమ్మినా, అన్నం ఒక ముద్ద తక్కువ తిన్నా ఆవిడ చేతిలో పని వదిలేసి వచ్చి చూసేది. పొద్దున్న లేవగానే ముందు ఆయన అరుగు మీద కదులుతున్నారో లేదో చూసుకుని, ఆ తర్వాత కోడలికి నీళ్ళ చెంబు నింపేది. భయం ఒక పక్క, చెంబు ఒక పక్క. రెండూ మోసింది. ఆయన మాత్రం ఆ మూల వైపు చూసేవారు కాదు, అటు పిట్ట అరిచినా.

అవతల వెంకటరాజు నుయ్యి తోడించి, సున్నం వేయించి, ఎర్రమందు కలిపించాడు. పిల్లలు ఇద్దరూ లేచారు. పెద్దదానికి జుట్టంతా ఊడిపోయింది. నరసాయమ్మ గోడ దగ్గరకు రావడం మానేసింది. వీరాయమ్మ కూడా పిలవలేదు. ఆ ఒక్క రోజు ఇద్దరి మధ్యా ఉంది, అది అంత తొందరగా కదిలేది కాదు.

కార్తీకంలో తులసి ఆడపిల్లను కన్నది. బరువు తక్కువ, గొంతు ఎక్కువ. బంగారరాజు "ఆడపిల్లా" అని పంచాంగం తెరిచారు. సువర్ణ బాలింతను చూడడానికి వచ్చినప్పుడు వీరాయమ్మ నడుం కూడా నొక్కి చూసి, అమలాపురం రమ్మంది. వెళ్తే, ఒక పక్క మూత్రపిండం బాగా చెడిందని, ఇక ఉన్నదాన్ని కాపాడుకోవడమేనని డాక్టరమ్మ చెప్పింది. ఆవిడ తలూపి ఇంటికి వచ్చింది. కొత్త వార్త కాదు. పేరు మాత్రం కొత్తది.

మరుసటి ఏడు ఆషాఢంలో ముసురు పట్టినప్పుడు సుబ్బరాజు గొడుగు వేసుకుని తోటలోకి వెళ్ళడానికి బద్ధకించి, ఆ దడిలోకి దూరాడు. తర్వాత బంగారరాజుకు మోకాళ్ళు పట్టేశాయి, బురద గట్టు మీద కూర్చుని లేవడం కష్టమైంది. ఎవరికీ చెప్పకుండా ఒకనాడు వెళ్ళారు. తర్వాత రోజూ వెళ్ళారు. పొద్దున్నే వెళ్ళి, లోపల శ్లోకాలు చదువుకుంటూ, ఎండ ఎక్కేదాకా ఉండేవారు. గోనెపట్టా సరిపోవడం లేదని టేకు తలుపు పెట్టించారు. లోపలి గడియ ఇత్తడిది. మగవాళ్ళకు తోటంతా అలాగే ఉంది. ఆడవాళ్ళు చెంబులు పట్టుకుని వసారాలో నిలబడ్డారు.

ఒక పొద్దున్న తులసి, చంకలో పిల్లతో, పెదవి కొరుక్కుంటూ వసారాలో అటూ ఇటూ తిరగడం వీరాయమ్మ చూసింది. "మామయ్యగారు వెళ్ళేరు అత్తయ్యగారూ. చాలాసేపైంది."

వీరాయమ్మ సాలమోనుకు కబురు పంపింది. వాడు వచ్చి పెరటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"ఇంకో గొయ్యి తవ్వాలి."

"ఎక్కడండీ?"

"దాని పక్కనే. అదే మూల."

సాలమోను తల గోక్కున్నాడు. "మళ్ళీ నైరుతేనాండి? అయ్యగారేవంటారోనండి."

వీరాయమ్మ స్తంభానికి ఆనుకుని నడుం మీద చెయ్యి వేసుకుంది. "అయ్యగారు అందులోనే ఉన్నారు," అంది. "బయటికి వచ్చేక అడుగు."